వెయ్యి నంబరు కాయితం

పన్నెండేండ్ల బండి. లైన్‌మన్ ఓబులేసు కాడ
ఇరవైరెండు వేలకు కొన్నా.
ఇంజనుకు ఏ రోగమూ లేదు,
గుండెకాయ గట్టిదే, ఒంటికే పొడ.

రెండు దినాల సెలవు. చేతిలో పదహారు వందలు.
గండికోట దాకా పోవాలని
సుంకులమ్మతో ఒప్పందం:
"పెట్రోలు లెక్క ముట్టుకోకు,
ఇంగ నీ సోకులు నీ ఇష్టం."
అది పక్కన పెడితే
సోకుకు మిగిలింది ఆరొందలా నలభై.

బేతంచెర్లలో బండలు నున్నగా చేసేవాణ్ణి నేను.
ఈ చేతులకొచ్చిన విద్య ఒకటే,
గరుకు నుంచి నునుపుకు మెట్టు మెట్టుగా దిగడం.
నూటిరవై, నాలుగొందలు, వెయ్యి.
నడుమ ఒక నంబరు ఎగ్గొట్టినావా
గీత లోపలే కూర్చుని
ఎండ వాలిన పూట నిన్ను పేరు పెట్టి పిలుస్తాది.
రాయికి చేసే మర్యాదే రేకుకూ చేసినా,
నీళ్ళు పోస్తా, టాంకీ మీద,
మూడు సాయంత్రాలు.

సైలెన్సర్ తుప్పుకు
హోటల్లో ఇడ్లీలు చుట్టిచ్చిన సిల్వరు కాయితం,
సగం నిమ్మకాయ.
రుద్దేకొద్దీ నల్లనీళ్ళు కారి
అడుగు నుంచి నా మొగం తేలింది,
మూతి పక్కకు పోయి, చెవులు చేటలై.
"అచ్చం నువ్వే" అనింది సుంకులమ్మ.

పచ్చబడిన హెడ్‌లైటుకు టూత్‌పేస్టు.
ఆ పొద్దు పిల్లోడు పండ్లు తోమకుండానే బడికి పోయినాడు.
చక్రాల చుట్టూ ఎర్ర రేడియం టేపు, నూటపది.

దస్తగిరి ఆటో సీట్లు కుడతాడు.
మూటలోంచి మెరూన్ రెక్సిన్ తుంటలు తీసినాడు,
లెక్క వద్దన్నాడు, రెండు టీలు తాగినాడు.
నా పాత జీన్ ప్యాంటు కాళ్ళు కోసి
చెరొక పక్కకు చెరొక సంచి.
మోకాలు చినిగిన తావలోంచి ఇప్పుడు
నీళ్ళ బాటిలు తల బయట పెట్టి చూస్తాది.

రంగుదే కష్టం.
మా ఊర్లో సగం గాలి, సగం రాతిపిండి.
దండెం మీది పాత చీరలు నాలుగు గుడారం కట్టి
లోపల దూరి, ఊపిరి బిగబట్టి
నూటెనభై రూపాయల నీలం డబ్బా ఊపినా,
కడుపులో గోలీ టకటకమంటాంది.
రెండు పూతలు, నడుమ ఒక బీడీ.
పొద్దున చీర తీసి చూస్తే
టాంకీ నడినెత్తిన ఒక దోమ,
రెక్కలు చాపుకొని, నీలంలో పూడిపోయి.

వెయ్యి నంబరు కాయితం తడిపి పట్టుకున్నా.
గీకితే దోమ పోతాది, దోమతో పాటు పూతా పోతాది.
డబ్బాలో గోలీ తప్ప ఏమీ లేదు.
"ఉండనీలే" అనింది ఆమె,
"మనతో వస్తామని ఇంకెవరన్నా అన్నారా?"

మడ్‌గార్డు ప్లాస్టిక్కు వెలిసిపోయిందని
బుడ్డల నూనె పట్టించినా, వద్దంటున్నా వినకుండా.
మెరిసింది, కాదనను,
బనగానపల్లె దాకా.
ఆపైన దారిలో దుమ్మంతా సుట్టమై వచ్చి అతుక్కుని
కోవెలకుంట్లలో టీకి దిగేసరికి
మేకపిల్ల బొచ్చు మొలిచింది.
"ఇదేం మోడలప్పా?" బెంచీ మీది పెద్దాయన.
నేను నోరు తెరిచేలోపే
"బేతంచెర్ల కంపెనీ" అనింది ఆమె.

జమ్మలమడుగు దాటినాక ఎండ వాలింది.
టాంకీ ఎడమ పక్క, అనుకున్నట్టే, ఒక గీత.
రెండో సాయంత్రం కరెంటు పోయినప్పుడు
నాలుగొందలు ఎగ్గొట్టిన చోటు.
ఎవరికీ చెప్పలేదు. తొడతో కప్పి కూర్చున్నా.

గండికోట అంచున ఎర్రబండలు,
ఒక్కటీ నునుపు లేదు.
కింద యాడనో పెన్న.
బండ కనిపిస్తే అడుగుకు ఎంతని లెక్కేసే బుర్ర
చానాసేపు ఊరకే ఉండిపోయింది.

"బండి రవ్వంత ముందుకు తొయ్యి" అనింది సుంకులమ్మ.
ఎందుకన్నా.
టాంకీ మీద వేలు పెట్టింది.
"అదీ చూడనీ."