ఎండ చెప్పులు విప్పిన చోట

అట్టలేని పుస్తకం అది.
ఖాదర్ బాషా కారు సీటు కింద దొరికింది.
ముందు పదారు పేజీలు లేవు,
రాసినాయన పేరు వాటితో పాటే పోయింది.
"నువ్వు చదువుకో అక్కా, నాకు కూడబలుక్కోవాల్సొస్తది" అని
జామియా సంచిలో ఉల్లిగడ్డల మీద పెట్టి ఇచ్చినాడు.

జహ్రాలో, మూడంతస్తుల ఇంటి అడుగున,
బట్టలు ఉతికే మిషను పక్కన నా పడక.
మిషను తిరిగి తిరిగి ఆగేదాకా చదివేదాన్ని.
నలభై ఒకటో పేజీలో ఉంది ఆ మాట:
ఎండ గడప దాకా వచ్చి, చెప్పులు విప్పి, ఆగింది.

అంతే.
పుస్తకం మూసి, లేచి,
ఉతికిన బట్టల్నే ఇంకోసారి ఉతికినా.

నిజం చెప్తాండా,
మేడమ్ చేతి గాజులు చూసి నాకెప్పుడూ కడుపు మండలేదు.
కానీ ఆ ఎండ నాకు తెలుసు.
రాజంపేటలో మా గడప కాడ అది ఎన్నిసార్లు నిలబడలేదు!
దాన్ని తొక్కుకుంటూ నీళ్ల బిందెతో పోయినా.
ఎవరో చూసినాడు, రాసుకున్నాడు,
మా వాకిట్లో రాలిన కాయను
దారిన పోయేటాయన ఏరుకున్నట్టు.

జామియా బిల్లు వెనకాల ఆ మాట ఎత్తి రాసుకున్నా,
నా గుండ్రటి అక్షరాల్లో.
మూడు రోజులు నాదే అన్నట్టుండింది.
నాలుగో రోజు చూస్తే
అద్దెకొచ్చిన మనిషి మాదిరి మూల నిలబడి ఉంది.
ఇక్కడి ఎండకు గడప తెలీదు,
చెప్పులతోనే లోపలికొస్తుంది.

ఇంకో పుస్తకం మీద కూడా నా కన్ను.
దాన్ని నేను చదవలేను.
పెద్దమ్మ, మేడమ్ వాళ్లమ్మ, ఎనభై దాటినాది,
అసర్ నమాజు అయినాక కిటికీ కాడ తెరుస్తుంది.
కుడి నుంచి ఎడమకు వేలు పోతాంటుంది.
ఒక పేజీ కాడికి వచ్చేసరికి
ప్రతిసారీ నవ్వుతుంది,
పళ్లు లేని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకొని, పెండ్లికూతురి మాదిరి.
ఏముందమ్మా అంటే చెయ్యి ఊపుతుంది:
నీకు చెప్పేది కాదు, పో.

ఒక్క అక్షరం రాని ఆ పుస్తకం
నేను రాసి ఉంటే ఎంత బాగుండు!
ఎనభై ఏండ్ల మనిషిని అదే పేజీలో
ప్రతిసారీ మొదటిసారిగా నవ్వించడం,
ఆ పని చేతనైతే
కిందికి పోయి ఉతుకు మిషనుకు చెప్పుకుందును
నేనూ రాస్తానని.

నేను రాసింది ఒకటుంది.
ఒకే పేజీ.
సందు చివరింటి ఓబుళమ్మకు
తొమ్మిది నెలల జీతం రాలేదు.
చెత్త డబ్బాల కాడ నిలబడి ఆమె చెప్తాంటే
కాగితం గోడకానించి రాసినా.
పోలికలు లేవు. ఎండ లేదు.
నెలలు, దీనార్లు, లాక్కున్న పాస్‌పోర్టు,
ఏ చేతి మీద ఏ వాత.
"ఇట్లు" అని రాసి ఆపితే ఆమె వేలిముద్ర వేసింది.
కాగితం ఎంబసీకి పోయింది, ఆమె ఊరు చేరింది.
జీతం సగమే వచ్చిందంట.

మొన్న శుక్రవారం ఖాదర్ బాషా చెప్పినాడు:
షెల్టర్లో ఆడవాళ్లు ఆ కాగితాన్నే
జిరాక్స్ తీసి పెట్టుకున్నారంట.
పేరు మారుస్తారు, ఊరు మారుస్తారు,
తొమ్మిది కొట్టేసి పద్నాలుగు వేస్తారు.
వాత కాడ మాత్రం మార్చే పని పడలేదంట చానామందికి.
"ఎవరు రాసినారో గానీ" అనుకున్నారంట.

ఆ పదారు పేజీలాయన మాదిరి
నా పేరు కూడా పోయింది.

ఆ రాత్రి మిషను ఆగింది, నేను లేవలేదు.
ఇన్నేండ్లకు నాది అనిపించిన ఒక్క రాత,
అది నేను రాయకుండా ఉంటే బాగుండనిపించింది.
రాయాల్సిన పనే రాకుండా ఉంటే.

తడి బట్టలు లోపలే ఉన్నాయి.
నలభై ఒకటో పేజీ తెరిచి
ఎండను ఇంకొంచేపు గడప కాడే నిలబెట్టినా.