రెండు రకాల నలుపు

ఉలాన్‌బాతర్. జనవరి. మైనస్ ముప్పై రెండు.
బజారు కింద నేలమాళిగలో నెర్గుయ్ దుకాణం.
నెర్గుయ్ అంటే వాళ్ళ భాషలో పేరు లేనివాడు.
ముందు పుట్టినవాళ్ళు దక్కకపోతే
మృత్యువుని ఏమార్చడానికి అలా పిలుస్తారట,
మనవైపు పెంటయ్య అని పెట్టినట్టే.

గొర్రెతోలు కోటులో చంటిబిడ్డలా చుట్టి
కంప్యూటర్ పెట్టెను మోసుకొచ్చింది సెరెన్‌దులమ్.
ఇరవై ఆరేళ్ళు ట్రాలీబస్సు నడిపిన చేతులు.
"ఫ్యాన్ తిరుగుతోంది. లైట్లు వెలుగుతున్నాయి.
చూడకుండానే పాస్‌వర్డ్ కొడితే గంట కూడా మోగింది.
తెర మాత్రం నలుపు."

"ఏ నలుపు?" అన్నాడు.

వెలుతురే పుట్టని నలుపు ఒకటి.
వెనక దీపం వెలుగుతూనే ఉండి
చూపడానికేమీ అందని నలుపు ఇంకొకటి.
గదిలో లైటార్పి మూలల్లోకి చూడాలి,
రెండోదానికి అంచున బూడిద రాసినట్టుంటుంది.

ఆమె కళ్ళు మూసుకుని గుర్తు చేసుకుంది.
"బూడిదే."

"అయితే మానిటర్ బతికే ఉంది," అన్నాడే కానీ
పెట్టెను ముట్టుకోలేదు.
చలిలోంచి వచ్చిన ఇనుముకి చెమట పడుతుంది,
ఆరేదాకా కరెంటు ఇవ్వకూడదు.
రెండు గంటలు.
ఉప్పేసిన పాల టీ గిన్నెలో పోసి ఇచ్చాడు.

రెండు గంటలు ఆమె దగ్గర లేవు.
చదరంగం ఆట సగంలో ఉంది,
ఎక్కడో సముద్రం పక్కన ఎవరితోనో,
వాడి పేరు ఒక అంకె.
ఎత్తుకి మూడు రోజుల గడువు,
రాత్రి తొమ్మిదితో సరి.
"ఫోన్లో ఆడొచ్చుగా?"
"అందులో గుర్రం నాకు ఈగలా కనిపిస్తుంది.
నిన్న రాత్రంతా నల్లతెర ముందే కూర్చుని
గళ్ళన్నీ తలలో పేర్చుకున్నా.
ఎత్తు తేలింది. వెయ్యడమే మిగిలింది."

ఏడుకి మూత విప్పాడు.
ముందు గోడనున్న వేడి గొట్టాన్ని తాకాడు,
ఈ ఎండు గాలిలో ప్రతి వేలికొసనా ఒక పిడుగుపిల్ల కాచుకుని ఉంటుంది.
కేబుల్ కార్డుకే ఉందా, పక్క రంధ్రంలో ఉందా? కార్డుకే.
కేబుల్ మార్చాడు. నలుపు.
కార్డు ఊడదీశాడు, ఫ్యాన్ రెక్కల నిండా బొగ్గు మసి,
ఊరంతా చలికాలం కాల్చింది అక్కడే పేరుకున్నట్టు.
కుంచెతో దులిపాడు.
బంగారు పళ్ళని బడిపిల్లల రబ్బరుతో తోమాడు.
కరెంటు ప్లగ్గు టక్కుమనేదాకా నొక్కాడు.
నలుపు.

విసుగొచ్చి పెట్టెను పక్కకి పడుకోబెట్టాడు.
వెలిగింది.
నిలబెట్టాడు. ఆరింది.
మళ్ళీ పడుకోబెట్టాడు, వెలిగింది.
ఇద్దరూ ఒకేసారి నవ్వారు.

కార్డుకి జబ్బేమీ లేదు, బరువు.
ఒక కొస స్లాటులో, రెండో కొస గాలిలో,
ఎన్నేళ్ళుగానో వెంట్రుకవాసి చొప్పున వంగుతూ
పట్టు వదిలేసింది.
కింద ఏదైనా ఆనించాలి.
అట్టముక్క నలిగిపోయింది. సీసామూత పొట్టి. పెన్సిలు పొడుగు.

ఆమె కోటు రొమ్ములోంచి ఒకటి తీసింది.
వాళ్ళ పాత చదరంగంలో ఒంటె,
మనం శకటు అనే చోట నిలబడేది.
నాన్న చెక్కినది, చెవి ఒకటి విరిగింది,
అదృష్టానికి వెంట తిప్పుకుంటుంది.
"చెక్కేనా? లోహం కాదుగా?"
మూపురం కార్డు కిందికి సరిగ్గా సరిపోలేదు,
అడుగున కాస్త ఉన్నిగుడ్డ మడతపెట్టాల్సొచ్చింది.

ఎనిమిదీ నలభై తొమ్మిది.
పెట్టె నిలబడి ఉంది, తెర నీలంగా వచ్చింది,
తర్వాత అరవై నాలుగు గళ్ళు.

వెయ్యడమే మిగిలిందన్న మనిషి
చెయ్యి మౌస్ మీద పెట్టి ఆగిపోయింది.
తలలో పేర్చుకున్న ఆటలో
ఒక బంటు ఒక గడి ఇవతలుంది.
ఆ ఎత్తు వేసుంటే మంత్రి పోయేది.

"టైమెంతుంది?"
"పదకొండు నిమిషాలు."
"చాలు," అంది, గిన్నె అతనివైపు జరుపుతూ,
"ఇంకాస్త పొయ్యి."