బెల్టు

తమ్ముడొస్తున్నాడంటే ఉయ్యాల దించుతారనుకున్నాను.
ఏడేళ్ళవాడొచ్చాడు,
ఒక్క సంచీ, కుడి ఎడమలు తారుమారైన బూట్లు,
కాగితాల్లో పేరు రైమో.

నేను అనుకున్న తమ్ముడు వేరు.
చదరంగంలో నా చేతిలో ఓడి అలిగేవాడు,
లైటు తీసేశాక గుసగుసలాడేవాడు.
వీడు లైటు తీస్తే అరుస్తాడు.
నా రంగు పెన్సిళ్ళన్నీ కొరికేశాడు.
నీలం ఒక్కటీ వదిలేశాడు.
ఎందుకురా అంటే నవ్వాడు.

తలుపు చాటునుంచి డాక్టరు మాట విన్నాను:
"ఒళ్ళు ముందు నడుస్తుంది, బుద్ధి మెల్లగా వెనకాల వస్తుంది."
మెల్లగా అంటే ఎంత మెల్లగా?
ఎవరూ లెక్క చెప్పలేదు.

బళ్ళో మారెత్ అడిగింది, మీవాడికేం జబ్బని.
"వాడు మావాడు కాదు" అన్నాను.
ఆ మాట రోజంతా గొంతులో
ఎండుచేప ముల్లు.

ఏడాదిలో వాడికి పూర్తిగా వచ్చింది ఒక్కటే,
కారెక్కగానే బెల్టు.
క్లిక్ మనగానే అందరి మొహాలూ చూస్తాడు
పండగ చేసుకోమన్నట్టు.
అమ్మా నాన్నా చప్పట్లు కొట్టేవాళ్ళు.
నేను కిటికీలోంచి చూసేదాన్ని.

ఫిబ్రవరిలో సముద్రం గడ్డకట్టింది.
మా హీయుమా దీవి నుంచి అవతలి నేలదాకా
మంచు మీదే దారి,
ఇరువైపులా గుర్తుకి పాతిన కొమ్మలు.
అక్కడ నియమం తిరగబడుతుంది:
బెల్టు పెట్టుకోకూడదు.
మంచు విరిగితే వెంటనే దూకాలి.

అమ్మ విప్పింది. వాడు పెట్టుకున్నాడు.
విప్పింది. పెట్టుకున్నాడు.
మూడోసారి ఏడ్చాడు.
నేర్పిందీ మీరే, తప్పన్నదీ మీరేనా అని
మాటల్లేకుండా అంత తేటగా
ఎవరూ అడగ్గా నేను వినలేదు.
వెనక కార్లు ఆగాయి.
కాపలా ముసలాయన టోపీ సర్దుకుంటూ నిలబడ్డాడు.

ఏం తోచిందో,
నా చెయ్యి వాడి ఛాతీకి అడ్డంగా వేసి
అవతలి పక్క కోటు పట్టుకుని
నోటితో "క్లిక్" అన్నాను.

మోచెయ్యి తడిమాడు. లాగి చూశాడు. ఊడలేదు.
అప్పుడు నా మొహం చూశాడు.

పాతిక కిలోమీటర్లు.
చెయ్యి తిమ్మిరెక్కింది,
వాడి ముక్కు నా స్వెటర్ మీదే కారింది,
కింద ఎక్కడో సముద్రం మూలిగింది.
వాడికి దూకడం రాదు.
దారంతా నేను అదే ఆలోచించాను,
ముందు ఏ తలుపు, ఏ చేత్తో.

ఆ రాత్రి నీలం పెన్సిలూ కొరికాడు.
ఇల్లెగిరిపోయేలా అరిచాను,
సొంతవాళ్ళ మీద అరిచినట్టే.