బరువు దిగాక

రక్వెరెలో మార్చి. రోడ్డు మీది ఉప్పు
ఈ చిన్న కారు కింద ఏం తిందో
లిఫ్ట్ ఎత్తితే తెలిసింది:
కంట్రోల్ ఆర్మ్ అంచు నా గోటికే రాలుతోంది.

కంపెనీది కొనలేనన్నాడు కాలెవ్.
పోలండ్ నుంచి అట్టపెట్టెలో వచ్చింది ఇంకోటి,
నల్లగా, ఒంటి మీద ఎవరి పేరూ లేకుండా.

పాత బోల్టు గంటన్నర మొరాయించింది.
మంట పెట్టాం, తిట్టాం.
ఉర్వె ఒకసారి బతిమాలింది కూడా.

కొత్తది ఎక్కించి బిగించబోతే చెయ్యి పట్టుకుంది:
"గాల్లో వేలాడుతుండగా కాదు.
తన బరువు మీద తను నిలబడ్డాక.
లేదంటే లోపలి రబ్బరు
రోజూ మెలిపడే ఉంటుంది, చిరిగేదాకా."

దించాం. కారు మూలిగి సర్దుకుంది.
చలినేల మీద వెల్లకిలా పడుకుని
అప్పుడు తిప్పాను, ఆఖరి పావు చుట్టు.

కాలెవ్ బానెట్‌ను రెండుసార్లు నొక్కి చూశాడు,
పుచ్చకాయ బేరమాడేవాడిలా.