ఆరో స్విచ్చి

గూడింగ్ ఊరి చివర షోరూములో
ఫిబ్రవరి మంచు బూట్ల కింద కరిగి మడుగు కట్టింది.
మా ఇద్దరి మడుగులూ కలిసిపోయాయి గానీ
మేమింకా కలవలేదు.

బ్రైడన్‌కి పాతికేళ్లు కూడా ఉండవు.
"ఏమేం కావాలో చెప్పండి, ఒక్కొక్కటే టిక్కు పెట్టుకుంటా" అన్నాడు.
పాపం, అతనికేం తెలుసు,
నాన్న పోయిన ఈ తొమ్మిదేళ్లలో
నేనూ తమ్ముడూ ఒక్కమాట మీద కొన్నవి
గొర్రెలు నాకే ఉప్పు దిమ్మలు మాత్రమేనని.

డీజిలా పెట్రోలా?
డీజిల్. ఇద్దరం ఒకేసారి అన్నాం.
ఉలిక్కిపడి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.
అక్కడితో సరి.

వెనక రెండు చక్రాలు చాలన్నాను నేను,
నాలుగైతే మన గేటులో దూరదు, పక్కలు గీసుకుపోతాయని.
ఎనెకో నాలుగన్నాడు.
"గాలికి ట్రైలరు ఊగిపోయిన రోజు నువ్వు లేవు."
ఆ రోజు నేనెక్కడున్నానో వాడికి తెలుసు.
బ్రైడన్ పెన్ను మూత తీశాడు, పెట్టాడు, మళ్లీ తీశాడు.
నాలుగే రాయించాం.
గేటు పీకి వెడల్పు చేసే ఖర్చు
ఆ కాగితంలో ఏ గడిలోనూ లేదు.

ఇరుసు నిష్పత్తి నాలుగు పాయింట్ ఒకటి సున్నా.
అదేమిటో నాకు తలకెక్కలేదు.
"బరువుతో కొండెక్కే గుర్రం
అడుగు చిన్నగా వేస్తుంది చూడు, అదీ" అన్నాడు,
అచ్చం నాన్న గొంతుతో.
ఎక్కింది.

తివాచీ వద్దు, నల్ల రబ్బరు నేల చాలు.
ఏప్రిల్‌లో అప్పుడే పుట్టిన పిల్లల్ని తెచ్చి
హీటరు ముందు పడుకోబెడతాం.
ఉమ్మనీరు, పేడ, అయోడిన్,
అన్నీ పైపు పెట్టి కడిగి పారేయాలి.
పాత బండికి సగం నేలే లేదు;
కాళ్ల మధ్య నుంచి రోడ్డు పరుగెత్తుతూ కనిపిస్తుంది.

ముందు బెంచీ సీటు.
బెల్ట్సా మధ్యలో కూర్చోవాలి, కుక్క కోసం అన్నాం.
మా ఇద్దరి మధ్యా
ఎవరో ఒకరు ఉండాలి కదా.

రంగు.
ఎరుపు అన్నాను. జన్మలో ఒక్కసారి.
తెర మీద ఎరుపు పక్కనున్న అంకె చూపించాడు బ్రైడన్,
నాలుగు గొర్రెపిల్లల ధర. తెలుపు ఊరికే వస్తుంది.
ఎనెకో ఏమీ అనలేదు.
అనకపోవడం వాడి దగ్గర ఒక భాష,
ముప్పై ఏళ్లుగా నేను తప్పుగానే అర్థం చెప్పుకుంటున్న భాష.
తెలుపే రాయమన్నాను.
రెండు పేజీలు దాటాక, కిటికీకి చెబుతున్నట్టు,
"ఎరుపైతే కొండ మీది నుంచి ఫ్లోరెన్సియోకి కనబడేది" అన్నాడు.
కొండ మీద ఆ పెరూ మనిషి
వారానికోసారి నీళ్లకీ పిండికీ
మా దారే చూస్తుంటాడు.
పేజీ వెనక్కి తిప్పమని
ఇద్దరిలో ఎవరం అడగలేదు.

పైకప్పుకి ఆరు స్విచ్చిలట,
ఏ తీగకి కావాలంటే ఆ తీగకి.
ఒకటి దీపాలకి, ఒకటి వించికి,
నీళ్ల ట్యాంకు పంపుకొకటి, కంచె కరెంటుకొకటి,
కొయోట్లని బెదరగొట్టే హారన్‌కొకటి.
మరి ఆరోది?
వాడు గడ్డం గీరుకున్నాడు. నేను సీలింగు చూశాను.
"ఉండనీ" అన్నాం. ఈసారి కూడా ఒకేసారి.
కాఫీ డబ్బా నిండా వంకర మేకులు దాచిన మనిషి పిల్లలం మరి.

ఇరవై రెండు వారాలు పడుతుందట.
రెండు సంతకాలు, ఒకటే పెన్ను.
మా ఇంటిపేరులో ఒక అక్షరం ఎగిరిపోయింది, దిద్దించాం.

బయట పాత బండి మూడోసారికి గానీ అందుకోలేదు.
"జులై అవుతుంది" అన్నాడు.
"మంద పైనుంటుంది" అన్నాను.
తేవడానికి ఎవరు దిగిరావాలో తేల్చుకోలేదు.
నేలలోని కంతలోంచి మంచు చిమ్మి
వాడి ఎడమ బూటూ నా కుడి బూటూ తడిపింది.
వాడు గేరు మార్చాడు.