నాలుగు మార్కుల ప్రశ్న

చీమకుర్తి జూనియర్ కాలేజీ, స్టాఫ్ రూము.
కరెంటొచ్చి ఫ్యాను తిరగ్గానే
జవాబు పత్రాలు లేచాయి.
నల్లరాయి ముక్క పెట్టాను పైన.

తొమ్మిదో ప్రశ్న:
కథలో ప్రతీక అంటే ఏమిటి? సోదాహరణంగా రాయండి.
అందరూ పుస్తకంలో ఎండిన పువ్వే రాశారు.
గైడులో అదే ఉంది మరి.

ఈ రాయి మాలకొండయ్య ఇచ్చింది.
పాలిష్ మిషను ఆపి, చొక్కాకి తుడిచి,
"అమాసనాటి ఆకాశం చూడు,
చుక్కలు యాడికీ పోవు ఇందులో" అన్నాడు.
పెళ్ళిమాట అడగడం చేతకాలేదు వాడికి.
అడిగించుకోవడం నాకూ రాలేదు.
ఉదాహరణకి దీన్ని రాస్తే
నేనే మార్కులు వెయ్యను.
ఇది బరువు, అంతే.

కథయితే మొదటి పేజీలోనే
అరిగిన గొలుసొకటి చూపించి ఉండేదాన్ని,
చదివేవాళ్ళు కాస్త సర్దుకునేవాళ్ళు.
ఆ మంగళవారం మూడో పీరియడు,
ఎత్తుగడ గురించి చెబుతున్నాను.
అటెండరు కోటయ్య వచ్చి
గుమ్మం దగ్గర చెప్పులు విప్పాడు.
ఎప్పుడూ విప్పడు.
రాయి దించుతుంటే గొలుసు తెగిందన్నాడు.

సెలవు చీటీలో
'మృతునితో సంబంధం' అని ఒక గడి ఉంటుంది.
పాఠం పూర్తి చేశాను.

ఆఖరి పేపరు వెంగమ్మది.
పువ్వు రాయలేదు.
"మా నాయన క్వారీకి తీసకపోయే క్యారేజి, టీచర్.
ఇప్పుడు అమ్మ దాంట్లో ఉప్పు పోస్తంది.
మూత మాత్రం నన్ను తియ్యనీదు.
ఇది ప్రతీక అవునో కాదో తెలవదు."

నాలుక్కి నాలుగేశాను.
పక్కన ఇంకేదో రాయబోయి
ఎర్రసిరా అని ఆగిపోయాను.