బొటనవేలి లెక్క

అమావాస్య వెళ్ళిన మర్నాడు
పేరుపాలెం దగ్గర సముద్రం పాటుకి పోయి
పది ఎకరాల నేల వదులుతుంది.
మూడు గంటలు. మళ్ళీ తన నేల తనే తీసుకుంటుంది.

సరుగుడు తోట దగ్గర మొదలు,
రెండు కిలోమీటర్ల అవతల నీలం డ్రమ్ము,
దాన్ని చుట్టి వెనక్కి.
ఒక్కో బండీ విడిగా. గడియారంతోనే పోటీ.
ఆ గడియారం నాది.
మొగల్తూరు హైస్కూల్లో ముప్పై ఒక్క ఏళ్ళు
పిల్లల పరుగులు కొలిచిన స్టాప్‌వాచీ,
దాంతో పాటే రిటైరైన బొటనవేలు.

ఇజ్రాయేలు మొదటి ఏడు ప్రీమియర్ పద్మినిలో వచ్చాడు.
స్టీరింగు పక్కన గేరు కర్ర,
మజ్జిగ చిలికినట్టు తిప్పాడు.
డ్రమ్ము దాకా వెళ్ళింది, తిరిగి రాలేదు.
ఎడ్లు కట్టి లాక్కొచ్చారు.
రెండో ఏడు అంబాసిడరు,
రైసు మిల్లువాళ్ళు ఊక షెడ్డులో పారేసింది.
తలుపు తీస్తే తవుడు రాలేది.
ఆఖర్నుంచి రెండో స్థానం.
"నీకు బళ్ళు కాదురా, శవాలు దొరుకుతాయి" అన్నారెవరో.
"ఆయ్, నాలుగో రోజు లేచి నడిచినోడూ ఉన్నాడండి" అన్నాడు,
ఆదివారాలు వృథా పోలేదు వాడికి.

ఈ ఏడు ఎనభైతొమ్మిది మోడల్ మారుతి.
పళ్ళ డాక్టరు వాడి, కొడుక్కిచ్చి,
కొడుకు అమ్మేశాక
రొయ్యల ఐసు పెట్టెలు మోసి మోసి
కాళ్ళ కింద రోడ్డు కనబడేంత తుప్పు.
ఒక తలుపు తెలుపు, ఒకటి ఆకుపచ్చ.
ఇంజను వేడెక్కితే నరసాపురం మార్కెట్టు వాసన.

పక్కనే భీమవరం చెరువుల కుర్రాళ్ళ జీపులు.
టైర్ల మీద కొత్త రబ్బరు ముళ్ళు ఇంకా అరగలేదు.
గాలి ఎంతుందో ఫోనే చెబుతుంది వాళ్ళకి.
వీడు వాల్వులో అగ్గిపుల్ల పెట్టి
లోపల్లోపల ఏదో లెక్కపెట్టుకుంటూ
టైరు పొట్ట జారేదాకా గాలి తీశాడు.
తెల్లారకముందే ఆ చివరిదాకా
చెప్పుల్లేకుండా నడిచొచ్చాడట.
"మెరిసే ఇసక నమ్మకూడదు మాస్టారూ.
చెమట ఆరిన వీపులా మసగ్గా ఉంటుందే, అదండీ గట్టిది."

జెండా పడింది.
అందరూ తిన్నగా పోయిన దారిలో
వీడు పాములా పోయాడు, మసకని పట్టుకుని.
డ్రమ్ము ఇంకా బోలెడు దూరం ఉండగానే కాలు తీసేశాడు.
బ్రేకులుంటేగా.
ఇసకే ఆపింది. ఆపి, తిప్పింది.
వెనక చక్రం ఒకటి నేల వదిలి
ఎటు పడాలో ఆలోచించి
మళ్ళీ వచ్చి కూర్చుంది.
తిరుగు దారంతా మూడో గేరే.
నాలుగు పడదా బండికి, తర్వాత తెలిసింది నాకు.
ఇంజను గొంతు మధ్యలో ఒకసారి చీరి
మళ్ళీ కలిసింది.

దాటాడు. నొక్కాను.

మూడు నిమిషాల పన్నెండు సెకన్లా రెండు పదోవంతులు.
ముందొచ్చిన జీపు సరిగ్గా మూడూ పన్నెండు.
రెప్పపాటు అంటాం కదా,
అందులో సగం.

అరవై మూడేళ్ళ వేలు.
కంటికీ దానికీ మధ్య ఎంత దూరమో
ఎవరు కొలుస్తారు?
జీపు దాటినప్పుడు నేను గీత చూస్తున్నాను.
ఇజ్రాయేలు దాటినప్పుడు
గీతనే చూస్తున్నానా,
గాల్లో ఆలోచించిన ఆ చక్రాన్ని ఇంకా చూస్తున్నానా?

"ఎంతండీ?" అన్నాడు.
చెప్పాను. జీపుది అడగలేదు.
"పోయినేటికి నిమిషం ఇరవై తగ్గిందండి" అంటూ
బానెట్టు ఎత్తి
ఆవిరికి మొహం పక్కకి తిప్పుకున్నాడు.

కప్పు భీమవరం పోయింది.
పోటు మొదలై చక్రాల గీతలు ఒక్కొక్కటే చెరిగాయి,
ముందు తిన్నటివి, తర్వాత వంకరవి.
మారుతి స్టార్టు కాలేదు.
నలుగురం తోశాం. నేనూ తోశాను.
పొద్దున్నే ఐసు పెట్టెలు ఎక్కించాలట.

ఆ రాత్రి రికార్డు పుస్తకంలో
అందరివీ పెన్నుతో ఎక్కించాను.
ఇజ్రాయేలుది పెన్సిలుతో.